నెల్లూరులో పీజీ రెసిడెంటుకు ఇల్లు: దర్గామిట్టా, చింతారెడ్డిపాళెమా, మాగుంట లేఅవుటా?

మెడికల్ పీజీ సీటు నెల్లూరులో వచ్చిందని తెలియగానే చుట్టాలూ స్నేహితులూ చెప్పే మాట ఒకటే: "మాగుంట లేఅవుట్‌లో చూసుకో, మంచి ఏరియా." మంచి ఏరియానే, కాదనేవాళ్లు లేరు. కాకపోతే ఆ సలహా ఇచ్చేవాళ్లు పొద్దున పనికిపోయి రాత్రి ఇంటికొచ్చి పడుకునేవాళ్లు. రెసిడెంటు, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పీజీ చదివే డాక్టరు, లెక్క వేరు. ఇంట్లో ఉండే గంటల్లో సగం పట్టపగలే. బయల్దేరేది ఒక్కోసారి రాత్రి రెండింటికి. అందుకని పేటకున్న పేరు పక్కనపెట్టి ముందు రెండు ప్రశ్నలు అడగాలి. రాత్రి ఫోన్ వస్తే ఎన్ని నిమిషాల్లో వార్డులో ఉంటారు? డ్యూటీ దిగి వచ్చాక మధ్యాహ్నం పూట ఆ గదిలో నిద్ర పడుతుందా? మాల్, పార్కు, జిమ్ము, లిఫ్టు ఇవన్నీ ఆ తరవాతి సంగతి.

ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏ సంవత్సరం

నెల్లూరులో రెసిడెంట్లు ప్రధానంగా రెండు చోట్ల ఉంటారు. 2014లో మొదలైన ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి అయిన సర్వజనాసుపత్రి దర్గామిట్టలో, ఊరి నడిమధ్యన ఉన్నాయి. ఊళ్లోవాళ్లకు అది ఇప్పటికీ 'పెద్దాసుపత్రి'. నారాయణ మెడికల్ కాలేజీ చింతారెడ్డిపాళెంలో, 16వ నంబరు జాతీయ రహదారి దగ్గర ఉంది. మొదటి కాలేజీకి సరిపోయే ఇల్లు రెండోదానికి సరిపోదు. ఒకే ఊరు కదా, పది నిమిషాల దూరం కదా అనుకుంటారు. మ్యాప్ చూపించే ఆ పది నిమిషాలు పొద్దున ఎనిమిదింటికి ఉండవు, వాన రోజున అసలే ఉండవు.

బ్రాంచి సంగతి ఇంకా ముఖ్యం. జనరల్ మెడిసిన్, సర్జరీ, గైనిక్, ఆర్థో, అనస్థీషియా, పిల్లల విభాగం, ఈ ఆరింటిలో చేరినవాళ్లు మొదటి సంవత్సరం ఇంటికి వెళ్లేదే స్నానానికీ, బట్టలు మార్చుకోవడానికీ, దొరికితే మూడు గంటల నిద్రకీ. ఆ మూడు గంటల్లో గంట ప్రయాణానికే పోతే ఇల్లు తీసుకుని ఉపయోగం లేదు. లెక్క వేసి చూడండి. ఒక వైపు 30 నిమిషాల ఇంటికీ, 5 నిమిషాల ఇంటికీ తేడా రోజుకు రానూ పోనూ 50 నిమిషాలు. నెలకు 26 రోజులు వేసుకుంటే 21 గంటలు దాటుతుంది. నెలకు మూడు పూర్తి రాత్రుల నిద్ర అన్నమాట.

రెండో, మూడో సంవత్సరానికి వచ్చేసరికి సమస్య మారుతుంది. లోపల జూనియర్ ఉంటారు, సీనియర్‌ని ఇంటినుంచి పిలుస్తారు. అప్పుడు చూడాల్సింది ఫోన్ మోగినప్పటినుంచి చెయ్యి కడుక్కునేదాకా పట్టే మొత్తం సమయం. లేచి బట్టలేసుకోవడానికి నాలుగు నిమిషాలు, అపార్టుమెంటు సెల్లారులో అడ్డంగా పెట్టిన బండ్లు జరిపి మన బండి తియ్యడానికి రెండు మూడు, తాళం వేసిన గ్రిల్లు తెరవడానికి ఒకటి, ఆసుపత్రిలో బండి పెట్టి లిఫ్టు ఎక్కి ఆపరేషన్ థియేటరు చేరడానికి ఇంకో నాలుగు. రోడ్డెక్కకముందూ, దిగాకా కలిపి పన్నెండు నిమిషాలు ఎటూ పోతాయి. అత్యవసర సిజేరియన్‌లో నిర్ణయం తీసుకున్నప్పటినుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా 30 నిమిషాలన్నది అందరూ పాటించాలని చూసే గడువు. గైనిక్, అనస్థీషియా వాళ్లకు ప్రయాణం ఎనిమిది నిమిషాలు దాటే ఇల్లు వద్దనడానికి కారణం ఇదే.

పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, చర్మవ్యాధుల విభాగం వాళ్లకు ఈ గొడవ లేదు. ఊళ్లో ఎక్కడ నచ్చితే అక్కడ ఉండొచ్చు. వాళ్లకైతే మాగుంట లేఅవుట్ సలహా అక్షరాలా సరైనదే.

హాస్టల్ మాటేమిటి?

జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల ప్రకారం పీజీలకు వసతి కల్పించడం కాలేజీ బాధ్యత, అందులో ఉండి తీరాలన్న నిర్బంధం మాత్రం విద్యార్థికి లేదు. చేరేటప్పుడు హాస్టల్ ఫీజు ఏడాదికి ఒకేసారి కట్టమంటున్నారా, మధ్యలో ఖాళీ చేస్తే మిగిలింది వెనక్కి ఇస్తారా అన్నది కాగితం మీద అడిగి తెలుసుకోండి. కట్టేసిన ఫీజు వదులుకోలేక హాస్టల్ గదీ బయట ఇల్లూ రెండూ మోసేవాళ్లు ఏటా ఉంటారు.

ఎమర్జెన్సీ బ్రాంచి మొదటి ఏడాదికి మా ఓటు హాస్టల్‌కే. గది చిన్నదైనా, బాత్రూము నలుగురిదైనా సరే. ఒక్క షరతు: పక్క మంచం ఎవరిదో చూసుకోవాలి. ఒకే డిపార్ట్‌మెంటు వాళ్లయితే డ్యూటీలు వంతులవారీగా పడి గది ఒంటరిగా దొరుకుతుంది. వేరే డిపార్ట్‌మెంటు వాళ్లయితే మీరు పడుకున్న అరగంటకు వాళ్ల అలారం మోగుతుంది.

దర్గామిట్ట, పొదలకూరు రోడ్డు

పెద్దాసుపత్రి వాళ్లకు దర్గామిట్ట నడిచివెళ్లే దూరం. ఈ ఒక్క లాభం ముందు మిగతా లోటుపాట్లు చిన్నవి. బండి పంక్చరైనా, పెట్రోలు లేకపోయినా, మోకాలి లోతు నీళ్లున్నా డ్యూటీకి చేరతారు. టిఫిను బండ్లు, మెస్సులు, మందుల షాపులు, జిరాక్సు అన్నీ కాలినడక దూరంలోనే. రాత్రి పదకొండు దాటాక తినడానికి ఏదైనా కావాలంటే బస్టాండు వైపు వెళితే దొరుకుతుంది.

లోటు ఏమిటంటే చప్పుడు. పెద్ద రోడ్డు మీదికి ముఖం ఉన్న ఇల్లు తీసుకోవద్దు. హారన్లూ అంబులెన్సులూ కలిసి పగటి నిద్రను తినేస్తాయి. రోడ్డునుంచి రెండు అడ్డవీధులు లోపలికి పోతే అదే దర్గామిట్టలో ప్రశాంతంగా ఉంటుంది, అద్దె కూడా కాస్త తగ్గుతుంది. లోపలి వీధుల్లో పాత ఇళ్ల మేడ మీది పోర్షన్లు ఎక్కువ. వాటికి ఎండ గురించిన జాగ్రత్త కింద చెప్తాం.

రెండో సంగతి రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం సమయంలో లక్షల మంది వస్తారు. 2025లో ఇది జులై మొదట్లో వచ్చింది, ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ నాలుగైదు రోజులు దర్గా వైపు రోడ్లు మూసి వాహనాలు దారి మళ్లిస్తారు. వైద్య శిబిరాలు కూడా పెడతారు కాబట్టి డ్యూటీలూ పెరుగుతాయి. ఇల్లు దర్గా వైపుంటే ఆ వారం బండి ఆసుపత్రిలోనే వదిలేసి నడిచి తిరగడం మేలు. ఏడాదిలో ఒక్క వారం కోసం ఏరియా వదులుకోనక్కర్లేదు. ఆ వారంలో ఇల్లు మారే పని మాత్రం పెట్టుకోకండి, సామాను ఆటో వీధిలోకే రాదు.

దర్గామిట్టలో దొరక్కపోతే పొదలకూరు రోడ్డు చూడొచ్చు. అది పొడుగాటి రోడ్డు. "పొదలకూరు రోడ్డులో ఇల్లు" అని ప్రకటనలో రాస్తే ఆసుపత్రికి ఎంత దూరమో ఏమీ తెలియదు. ఏ సెంటరు దగ్గరో అడిగాకే బయల్దేరండి.

చింతారెడ్డిపాళెం

నారాయణ కాలేజీ వాళ్లకు దర్గామిట్టతో సమానమైన లాభం ఇక్కడ ఉంది, కానీ సౌకర్యాలు వేరు. విద్యార్థుల కోసమే కట్టిన గదులు, సింగిల్ బెడ్‌రూము పోర్షన్లు, ప్రైవేటు హాస్టళ్లు ఎక్కువ. డాక్టర్లకూ నర్సింగ్ విద్యార్థులకూ అద్దెకివ్వడం అక్కడి యజమానులకు అలవాటు కాబట్టి "బ్యాచిలర్లకు ఇవ్వం" అన్న మాట తక్కువ వినిపిస్తుంది. అర్ధరాత్రి గేటు చప్పుడైతే ఎవరూ తలుపు తీసి చూడరు.

చూసుకోవాల్సింది హైవే. ఇల్లు కాలేజీకి ఏ వైపున ఉంది, రోజూ హైవే దాటాలా అక్కర్లేదా అన్నది అద్దెకన్నా పెద్ద ప్రశ్న. ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసి, కళ్లు మూతలు పడుతూ, చెన్నై వైపు లారీలు పోయే రోడ్డును బండి మీద దాటడం ఎంత ప్రమాదమో క్యాజువాల్టీలో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిద్రలేమిలో మనిషి అప్రమత్తతా, స్పందించే వేగమూ తగ్గుతాయి. అందుకే ఇక్కడ ఇల్లు తీసుకుంటే హైవే దాటనక్కర్లేని వైపు, కాలేజీ గేటుకు నడిచివెళ్లే చోట తీసుకోండి. రెండు వేలు ఎక్కువైనా సరే.

ఊళ్లో ఉండే సరదా ఇక్కడ లేదు. సినిమా, మంచి హోటలు, బట్టల షాపు, బ్యాంకు పని దేనికైనా ఊళ్లోకి పోవాలి. భార్యో భర్తో ఊళ్లో ఉద్యోగం చేస్తుంటే, లేదా అమ్మానాన్నలు వచ్చి ఉంటామంటే, ఈ ఏరియా వాళ్లకు తొందరగా విసుగొస్తుంది.

మాగుంట లేఅవుట్, రామలింగాపురం

విశాలమైన వీధులు, లిఫ్టున్న అపార్టుమెంట్లు, జనరేటరు, వాచ్‌మన్, రాత్రి పొద్దుపోయేదాకా వెలుతురు. ఒంటరిగా ఉండే మహిళా రెసిడెంట్లకు ఆ చివరి రెండు వందల మీటర్లు భయం లేకుండా ఉండే ఏరియా ఇదని చెప్పొచ్చు. నెల్లూరులో అద్దెలు ఎక్కువున్న చోట్లలో ఇది ముందుంటుంది. అద్దె మీద మెయింటెనెన్సు వేరు. స్టైపెండులో నాలుగోవంతు దాటి అద్దెకు పోతుంటే ఇద్దరు కలిసి రెండు పడక గదుల ఫ్లాటు తీసుకోండి, ఎవరి గది వాళ్లకు. ఒకే గదిలో ఇద్దరు మాత్రం వద్దు.

ఈ ఏరియాకు అసలు పరీక్ష అండర్ బ్రిడ్జిల దగ్గర. నెల్లూరును రైలు కట్ట రెండుగా కోస్తుంది. గట్టి వాన పడిన రోజు మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిలలో నీళ్లు నిలవడం ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. బండి సైలెన్సరులోకి నీళ్లు పోతే ఇంజిను ఆగేది సరిగ్గా బ్రిడ్జి అడుగునే. కారైతే మరీ ప్రమాదం, నీటి లోతు పైనుంచి తెలియదు. అందుకని ఇంటికీ ఆసుపత్రికీ మధ్య పట్టాలు దాటాల్సి వస్తుందా అని ముందే మ్యాప్‌లో చూడండి. దాటాల్సి వస్తే, అండర్ బ్రిడ్జి కాని ఇంకో దారి ఏదో పొడి రోజున ఒకసారి బండి మీద వెళ్లి, పట్టే సమయం రాసిపెట్టుకోండి. వాన రోజున ఆ సమయమే మీ ఇంటి దూరం.

మిగతావి క్లుప్తంగా. వేదాయపాళెం, అయ్యప్పగుడి వైపు కుటుంబాలు ఉండే కాలనీలు. పెళ్లయి చిన్నపిల్లలున్న రెసిడెంట్లకు, ఎమర్జెన్సీ లేని బ్రాంచి వాళ్లకు బాగుంటుంది. పొగతోట, బృందావనం నిండా నర్సింగ్ హోములూ ల్యాబులూ మందుల షాపులూ. మందు దొరకడానికి మంచి చోటు, బండి పెట్టడానికి చోటుండదు. స్టోన్‌హౌస్‌పేట, సంతపేట పాత వ్యాపార పేటలు. తిండికీ సరుకులకూ దివ్యంగా ఉంటుంది కానీ, పొద్దున్నే దిగుమతి ఆటోలతో మొదలయ్యే ఇరుకు వీధుల్లో నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లకు నిద్ర కల్ల.

పెన్నా ఒడ్డున ఉన్న కాలనీల్లో అద్దె చవగ్గా వస్తుంది. ఎందుకు చవకో 2021 నవంబరు చెప్పింది. సోమశిల గేట్లెత్తాక వచ్చిన వరదకు భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నదికి అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున ఆసుపత్రికి మీరు అందరికన్నా ఎక్కువ అవసరం, అదే రోజు మీ సామాను నీళ్లలో ఉంటుంది. పొర్లుకట్టను ఆనుకుని ఉన్న ఇల్లు ఎంత చవకైనా వదిలెయ్యండి.

వానాకాలంలో ఇల్లు వెతకడం ఒక అదృష్టం

రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరుకు ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో. ఈమధ్య పీజీ కౌన్సెలింగ్ కూడా ఏడాది చివరికే జరుగుతోంది కాబట్టి కొత్తగా చేరేవాళ్లు తడుస్తూ ఇల్లు వెతుక్కుంటారు. విసుక్కోకండి. ఎండాకాలంలో దాచిపెట్టగలిగే లోపాలన్నీ ఇప్పుడు బయటపడతాయి.

వీధిలోకి వెళ్లగానే ప్రహరీ గోడల మీద చూడండి. నేలనుంచి జానెడో మూరెడో ఎత్తున మట్టి గీత ఒకటి వీధి పొడుగునా ఒకే మట్టంలో కనిపిస్తే అది నీళ్లు నిలిచిన గీత. ఇళ్లముందు మెట్లు ఈమధ్యే ఎత్తు పెంచి ఉంటే రోడ్డు వేసినప్పుడల్లా ఇళ్లు పల్లమవుతున్నాయని అర్థం. గదిలో బీరువా వెనక, మంచం తలవైపు గోడ అడుగున చెయ్యి పెట్టి చూడండి. సున్నం పొడిగా రాలుతుంటే చెమ్మ కిందినుంచి లేస్తోంది, ఎన్నిసార్లు రంగేసినా పోదు. నీళ్ల సంగతి యజమాననో బ్రోకర్నో అడక్కండి. వీధి మొదట ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిని అడగండి. ఏ ఇంట్లోకి ఎన్నిసార్లు నీళ్లొచ్చాయో, ఏ ఇంటి యజమాని అడ్వాన్సు వెనక్కివ్వడో రెండూ చెప్తాడు.

మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడండి

ఇళ్లు చూపించేవాళ్లు సాయంత్రం ఆరింటికి రమ్మంటారు. గాలి వీస్తుంటుంది, ఎండ పోయి ఉంటుంది, ఏ ఇల్లయినా బాగుంటుంది. మీరు మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య వెళ్లండి. మీరు పడుకునే వేళ అదే.

మే నెలలో నెల్లూరు ఎండ తెలిసిందే. మేడ మీది చివరి అంతస్తు శ్లాబు పగలంతా కాగి, ఆ వేడిని మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. ఫ్యాను పెడితే ఆ వేడి గాలే తిరుగుతుంది. తూర్పు గోడ ఉన్న పడకగది పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా వేడెక్కుతుంది, పడమటి గది రెండు నుంచి ఆరు దాకా. డ్యూటీ దిగినవాళ్లు పడుకునేది పదింటినుంచి నాలుగింటిదాకా కాబట్టి రెండూ దెబ్బే. పైన ఇంకో అంతస్తు ఉండి, ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది దొరికితే మిగతా లోపాలు సర్దుకోవచ్చు. పై అంతస్తే గతి అనుకుంటే శ్లాబు మీద తెల్ల కూలింగ్ పెయింటు వేయించమని అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. ఇచ్చాక అడిగితే "వచ్చే ఎండాకాలం చూద్దాం" అంటారు.

కిటికీ మూసి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడండి. మార్బుల్ కోసే మిషను, వెల్డింగు షాపు, బడి, ఆటో స్టాండు ఏదున్నా వినిపిస్తుంది. కల్యాణ మండపం చప్పుడు ఆ రోజు వినిపించకపోవచ్చు. రెండు వీధుల అవతల ఉన్నా ముహూర్తాల రోజుల్లో బ్యాండూ బాణసంచా మీ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది, కాబట్టి విడిగా అడగాలి. గుడి మైకు, మసీదు మైకు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి. ధనుర్మాసంలో పాశురాలు తెల్లవారుజామునే మొదలవుతాయి. రైలు కట్టకు దగ్గరి ఇల్లయితే రాత్రి ఇంకోసారి వెళ్లాలి. విజయవాడ, చెన్నై మధ్య ప్రధాన మార్గం ఇది, గూడ్సు బండ్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి.

పడక పెట్టుకోబోయే చోట నిలబడి ఫోన్ సిగ్నలు చూడండి. హాల్లో నాలుగు గీతలుండి లోపలి గదిలో ఒకటే ఉండే ఇళ్లు కింది అంతస్తుల్లో మామూలే. "ఫోన్ చేస్తే ఎత్తలేదు" అన్న మాట మీ యూనిట్ చీఫ్ దగ్గరికి చేరాక సిగ్నల్ లేదని చెప్పుకుంటే ఎవరూ వినరు.

ఇక దోమలు. నెల్లూరు దోమల మీద ఊళ్లోవాళ్లే జోకులేసుకుంటారు. రాత్రి దోమల గురించి అందరికీ తెలుసు, రెసిడెంట్లు మరిచిపోయేది పగటి దోమని. డెంగీ మోసే ఈడిస్ కుట్టేది పగలే, నిద్రపోయే మనిషి దానికి సులువు. కిటికీలకు మెష్ ఉందా, ఉంటే చిరుగుల్లేవా, సంపుకు మూత సరిగా పడుతుందా, మేడ మీద పాత కుండలూ టైర్లూ కొబ్బరి చిప్పలూ ఉన్నాయా చూసి, దోమతెర కట్టుకోవడానికి కొక్కేలు కొట్టే అనుమతి తీసుకోండి.

నీళ్లకు ఒక చిన్న గుర్తు. బాత్రూము కొళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిపడి ఉంటే బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. స్నానానికి పర్వాలేదు, గీజరు కాయిలు తొందరగా పోతుంది. తాగడానికి ఎలాగూ 20 లీటర్ల క్యాను వేయించుకోవాలి. క్యాను అబ్బాయి మెట్లెక్కి పైకి తెస్తాడా, గేటు దగ్గర పెట్టి పోతాడా అన్నది మూడో అంతస్తులో ఉండేవాళ్లకు చిన్న విషయం కాదు.

కరెంటు మీటరు ఎవరిది?

అద్దె బేరమాడేవాళ్లు మీటరు దగ్గర మోసపోతారు. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉండి "సగం సగం వేసుకుందాం" అంటే ఒప్పుకోకండి. మన రాష్ట్రంలో గృహాల టారిఫ్ స్లాబుల్లో పెరుగుతుంది. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయల చొప్పున. మీరు 150, పక్కవాళ్లు 150 యూనిట్లు వాడారనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 567 రూపాయలు, కలిపి 1,134. ఒకే మీటరైతే 300 యూనిట్లకు 1,673. ఏ తప్పూ చెయ్యకుండా నెలకు 540 రూపాయలు పోతాయి. ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాటు చార్జీలూ దీనిమీద వేరే. పగటి నిద్రకు టన్ను ఏసీ ఎనిమిది గంటలు వేసుకుంటే అదే రోజుకు ఆరేడు యూనిట్లు లాగుతుంది కాబట్టి ఎండాకాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. "యూనిట్‌కు పది రూపాయలు నాకివ్వండి" అనే యజమానులూ ఉంటారు. ఆ మాట వినగానే లేచి రావచ్చు.

అగ్రిమెంటులో రాయించాల్సినవి

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకు రాస్తారు. అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారో అంకెల్లో ఉండాలి. "న్యాయంగా చూసుకుందాం" అన్న మాటకు కాగితం మీద విలువ లేదు.

రెసిడెంట్లకు ప్రత్యేకంగా రెండు వాక్యాలు కావాలి. ఒకటి, జిల్లా రెసిడెన్సీ గురించి. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒకదాన్లో మూడు నెలలు జిల్లాలోని ప్రభుత్వాసుపత్రిలో చెయ్యాలి. కావలికో ఆత్మకూరుకో వేస్తే రోజూ తిరిగి రావడం కష్టం, ఖాళీ ఇంటికి అద్దె కట్టడం ఇంకా కష్టం. ఆ మూడు నెలలు మరో రెసిడెంటును ఉంచుకోవచ్చని గానీ, నెల ముందు చెప్పి ఖాళీ చెయ్యొచ్చని గానీ రాయించండి. రెండోది గేటు తాళం. రాత్రి పదింటికి గేటు వేసే ఇల్లయితే ఒక తాళంచెవి మీ దగ్గర ఉండాలి. యజమాని నిద్రలేచి తీస్తానన్నా ఒప్పుకోకండి, మూడోసారికి ఆ మంచితనం ఉండదు.

డాక్టరని చెబితే ఇల్లు తొందరగా దొరుకుతుంది, అది నిజం. కింది పోర్షన్ పెద్దాయన బీపీ చూడమనడం, మనవడి దగ్గుకు మందు రాయమనడం కూడా ఆ అద్దెలో భాగమే. కాదనడం బాగుండదు, కానీ డ్యూటీ దిగి పడుకున్నప్పుడు తలుపు కొట్టొద్దని మొదటి వారంలోనే నవ్వుతూ చెప్పి ఉంచండి. తలుపుకు ఒక చిన్న బోర్డు తగిలించినా సరిపోతుంది.

స్టైపెండు ఒకటి రెండు నెలలు ఆలస్యమవడం ఎక్కడైనా ఉన్నదే. అడ్వాన్సు కట్టాక కూడా చేతిలో రెండు నెలల అద్దె మిగిలేలా చూసుకుని ఇల్లు ఖాయం చెయ్యండి. బ్రోకరు నెల అద్దె దాకా అడుగుతాడు. ఆ డబ్బు మిగలాలంటే మార్గం ఒకటుంది: పరీక్షలు రాసి ఖాళీ చేసే ఫైనలియర్ సీనియర్లను డిపార్ట్‌మెంటులో అడగండి. ఇల్లు ఆసుపత్రికి దగ్గరలో ఉంటుంది, రాత్రి రాకపోకలకు యజమాని అలవాటుపడి ఉంటాడు, పాత కూలరూ మంచమూ సగం ధరకు అక్కడే దొరుకుతాయి. అడిగేది పరీక్షలకు నెల ముందు. పరీక్షలైన మర్నాడు అడిగితే అప్పటికే ఎవరో అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు.